రాజపూజ్యం ఆరు, అవమానం మూడు

ఉగాది పండుగ ఎందుకు చేసుకుంటామని నన్నడిగితే నాకు తెలిసింది తక్కువే. ఆ రోజు బ్రహ్మదేవుడు సృష్టి మొదలుపెట్టాడని మా నాన్నగారు చెప్పేవారు. తలంటి పోసుకోవాలి, కొత్తబట్ట కట్టాలి, పరగడుపునే వేపపువ్వు పచ్చడి తినాలి, ఆ తర్వాత నలుగురిలో కూర్చుని పంచాంగం వినాలి. వింటే గంగాస్నానం చేసినంత పుణ్యమంటారు. పంచాంగంలో ప్రతి రాశికీ రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని అంకెలు చదువుతారు. ఆ ఏడాది ఆ రాశివాళ్లకి ఎంత గౌరవం దక్కుతుందో, ఎంత చిన్నతనం జరుగుతుందో అన్నమాట. మా నాన్నగారు తన అంకెలు విని, "రెండూ వస్తాయట" అని లేచి కండువా దులుపుకునేవారు. అంతకుమించి ఆయన వాటితో ఏమీ చేసినట్టు నేను చూడలేదు.

మా పురపాలక సంఘం వారు చేశారు.

నేను ఆ ఆఫీసులో టపా గుమాస్తాని. వచ్చిన కాగితాలకు అంకె వేసి లోపలికి పంపడం, లోపలి కాగితాలకు అంకె వేసి బయటికి పంపడం నా పని. అందుకని జరిగిందంతా నా చేతుల మీదుగానే జరిగింది. ఊరి పేరు రాయను. సంవత్సరం పేరు కూడా రాయను. అరవై ఏళ్లకొకసారి అదే పేరు మళ్లీ వస్తుంది కనుక, అప్పటివాళ్లు తమనే అన్నారనుకోగలరు.

ఆ ఏడు ఉగాదికి వారం ముందు పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. కార్యాలయాల్లో పండుగలు మొక్కుబడిగా జరుగుతున్నాయనీ, ఇకమీదట ప్రతి పండుగకూ ఒక నివేదిక పంపాలనీ అందులో ఉంది. దాంతోపాటు ఒక నమూనా పత్రం. అందులో మూడు గడులు: మూలం, ఆచారం, అమలు.

మా కమిషనర్ ఆనందభూషణం గారికి నమూనా పత్రమంటే ప్రాణం. ఖాళీ గడి కనబడితే ఆయనకు అన్నం సహించదు. ఉగాదినాడు పొద్దున్నే సిబ్బంది అరవై నాలుగు మందినీ ఆఫీసు హాల్లో కూర్చోబెట్టారు. ఎప్పటిలాగే ఊడ్చే మరిడమ్మ తెల్లవారుజామున వేపచెట్ల కింద బట్ట పరిచి, పువ్వు దులిపి, చెరిగి తెచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లుగా మా ఆఫీసు పచ్చడిలో పడేది ఆమె తెచ్చిన పువ్వే. పువ్వు ఇచ్చి ఆమె గుమ్మం అవతల నిలబడేది. పచ్చడి కలిపేవాళ్లు, పంచేవాళ్లు వేరే ఉండేవారు.

వడ్లమాని నీలకంఠ సిద్ధాంతి గారు పంచాంగం చదివారు. ముసలాయన. కళ్లజోడు ముక్కు చివరికి జారుతుంటే వేలితో తోసుకుంటూ, మేషం మొదలుకొని మీనం దాకా నిదానంగా చదివి, అందరికీ శుభం జరగాలని చెప్పి ముగించారు. ఆ తర్వాత కమిషనర్ గారు లేచి, బ్రహ్మదేవుడు చైత్ర శుద్ధ పాడ్యమి నాడు సృష్టి కార్యక్రమాన్ని ప్రారంభించడమే కాక కాలబద్ధంగా ముందుకు తీసుకుపోయాడనీ, సిబ్బంది అంతా ఆయనను ఆదర్శంగా తీసుకోవాలనీ ఉపన్యసించారు.

మర్నాడు పత్రం నింపడానికి కూర్చున్నాం. మూలం అన్న గడిలో "బ్రహ్మ సృష్టిని ప్రారంభించుట" అని రాశాను. మేనేజరు పట్టాభి గారు దాని కింద "పని పురోగతిలో ఉన్నది" అని చేర్చారు. ఆచారం గడిలో తలంటు ఎవరి ఇళ్ల వద్ద వారు పూర్తి చేసినట్టు, పచ్చడి అరవై నాలుగు దొన్నెలు పంచినట్టు, పంచాంగ శ్రవణం జరిగినట్టు రాశాం. అమలు గడి మిగిలింది. అక్కడ సన్నటి అక్షరాలతో ఇలా ఉంది: పంచాంగమందు వెల్లడైన అంశాలపై తీసుకున్న చర్య.

ఏమీ లేదని రాద్దామన్నాను నేను. కమిషనర్ గారు కలం కింద పెట్టారు.

"చదివించి ఊరుకుంటే అది శ్రవణం అవుతుంది. మనది పరిపాలన" అన్నారు.

సిద్ధాంతి గారు చదివినవన్నీ ఒక కాగితం మీద రాయించారు. వానలు రెండు కుంచాలు కురుస్తాయని ఉంది. అది ఆకాశానికి సంబంధించినది కనుక మా పరిధిలోకి రాదు. ఆ ఏటి రాజు, మంత్రి ఫలానా గ్రహాలని ఉంది. నియామకాలు పైవారి పని. ఆదాయ వ్యయాలు ఆర్థిక శాఖ చూసుకుంటుంది. చివరికి రాజపూజ్యం, అవమానం మిగిలాయి. ఎవరికి ఎంత గౌరవం, ఎవరికి ఎంత అవమానం అన్నది సిబ్బంది వ్యవహారమే కనుక పూర్తిగా మా పరిధిలోదేనని కమిషనర్ గారు తేల్చారు. ఏడాది ముగిసేలోగా, అంటే మళ్లీ ఉగాది వచ్చేలోగా, ప్రతి ఉద్యోగికీ పంచాంగం ప్రకారం రావలసిన రాజపూజ్యాలు, అవమానాలు లోపం లేకుండా అందజేయాలని ఉత్తర్వు వేశారు. అంకె వేసింది నేనే.

నాకు పంచాంగమంటే భక్తి. అందుకే మనసు ఊరుకోక ఆ సాయంత్రం సిద్ధాంతి గారింటికి వెళ్లాను. శాస్త్రంలో ఇలా చేయమని ఎక్కడైనా ఉందా అని అడిగాను.

"మబ్బు పట్టిందని నేను చెబితే గొడుగు పట్టుకెళ్లాలయ్యా. మేడెక్కి కిందవాళ్ల మీద నీళ్లు పొయ్యమని నేను చెప్పలేదు" అన్నారు.

ఆ మాట కమిషనర్ గారికి విన్నవించాను. లిఖితపూర్వకంగా ఉందా అని అడిగారు. లేదన్నాను.

ముందు రాశులు తేల్చవలసి వచ్చింది. జన్మ నక్షత్రం తెలిసినవాళ్లు తెచ్చి చూపించారు. తెలియనివాళ్లకు పేరులో మొదటి అక్షరాన్ని బట్టి రాశి కట్టడం వాడుక. కమిషనర్ గారిది మేషం. రాజపూజ్యం ఒకటి, అవమానం ఆరు. మరిడమ్మ ఎప్పుడు పుట్టిందో ఆమె తల్లికే సరిగా గుర్తులేదట. మ అక్షరం కనుక సింహరాశి అయింది. రాజపూజ్యం ఆరు, అవమానం మూడు. మొత్తం ఆఫీసులో అంత మంచి జాతకం ఎవరికీ లేదు.

ఆ సంగతి ఆమెకు చెబితే చీపురు గోడకు చేర్చి చేతులు తుడుచుకుంది. "ఆరేనండీ?" అని నవ్వి, "మొన్న సిద్ధాంతిగారు సదివినప్పుడు నేనూ దణ్ణం పెట్టుకుని విన్నానండి బాబు. ఆరంటే నన్నని అనుకోలేదు" అంది.

బిల్లు కలెక్టరు లోవరాజుది కూడా మేషమే, అదీ పేరును బట్టి. ఆరు అవమానాలు భరించలేక అతను తన పేరు మోహనరాజుగా మార్చాలని దరఖాస్తు పెట్టుకున్నాడు. మ అక్షరానికి ఆరు రాజపూజ్యాలున్నాయని పొక్కేసరికి నెల తిరక్కుండా మరో పదకొండు దరఖాస్తులు వచ్చాయి. మేనేజరు పట్టాభి గారు తన పేరు మహాపట్టాభి అని ఉండేదనీ, బడిలో వేసినప్పుడు పొరపాటున ముందు మాట జారిపోయిందనీ రాసిచ్చారు. కమిషనర్ గారు అన్నీ తిరస్కరించి, సృష్ట్యాది నుంచి ఉన్న వ్యవస్థను తారుమారు చేయడానికి ఎవరికీ హక్కు లేదన్నారు.

తర్వాత ప్రమాణాలు. అవమానమంటే ఏమిటో తేల్చడానికి ఒక ఉపసంఘం కూర్చుంది. ముగ్గురు సాక్షులుండాలి. రెండు నిమిషాలకు తగ్గకూడదు. పొందినవారి ముఖం చిన్నబోయినట్టు సాక్షులు, అందినట్టు పొందినవారు సంతకం చేయాలి. రకాలు మూడు: గదిలోకి పిలిచి కుర్చీ చూపించకపోవడం, పేరు మరిచిపోయినట్టు నటించడం, ఇచ్చిన కాగితం చదవకుండా పక్కన పడేయడం. ఈ మూడూ మా ఆఫీసుకు పనిమీద వచ్చే ఊరివాళ్లకి రోజూ జరిగేవే కనుక సిబ్బందికి ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వవలసిన అవసరం కలగలేదు.

రాజపూజ్యానికి శాలువా, పూలదండ, రెండు మంచిమాటలు, ఒక ఫోటో. చేసేది ఆఫీసులో అందరికంటే పెద్ద అధికారి అయి ఉండాలి. చేసేటప్పుడు ఆయన కుర్చీలోంచి లేవాలి.

గురువారాలు అవమానాలకు, శుక్రవారాలు రాజపూజ్యాలకు కేటాయించారు. రెండింటికీ కలిపి ఒక రిజిస్టరు తెరిచి నా బల్లమీద పెట్టారు. మొదట్లో కొంచెం ఇబ్బందిగా ఉండేది. పోనుపోను అలవాటైంది. నాది కన్య, నాలుగూ నాలుగూ. ఇంట్లో జరిగినవి కూడా లెక్కకి వస్తాయేమో కనుక్కోమనీ, వచ్చేటట్టయితే నా నాలుగూ ఒక్క ఆదివారంలో పూర్తి చేసేస్తాననీ మా ఆవిడ అంది.

చిక్కు కమిషనర్ గారి దగ్గర వచ్చింది. ఆయన ఆరు అవమానాలు ఎవరు చేయాలి? ఆయనే ఉత్తర్వు వేసి మేనేజరు పట్టాభి గారిని నియమించారు. ఒక గురువారం ముగ్గురు సాక్షులం లోపలికి వెళ్లి గోడవారగా నిలబడ్డాం. నేనొకణ్ణి. పట్టాభి గారు చెమట తుడుచుకుని, తమరికి పని తప్ప వేరే ధ్యాస లేకపోవడం పెద్ద లోపమన్నారు. ఇది పొగడ్త అని కమిషనర్ గారు కొట్టివేశారు. మళ్లీ ప్రయత్నించమన్నారు. పట్టాభి గారు కళ్లు మూసుకున్నారు.

"తమరు దేనిమీదా చదివి సంతకం పెట్టరు సార్" అన్నారు.

కమిషనర్ గారి ముఖం నిజంగానే చిన్నబోయింది. మేము సాక్షి సంతకాలకు కలాలు తీశాం. ఇంతలో ఆయన తేరుకుని, ఈ అవమానం తగిన గౌరవంతో జరగలేదు కనుక చెల్లదన్నారు. పట్టాభి గారికి క్రమశిక్షణ తప్పినందుకు మెమో ఇచ్చారు. పట్టాభి గారు ఆ మెమో పట్టుకుని నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, దాన్ని తన అవమానాల్లో ఒకటిగా రాయించుకున్నారు.

వారంలోగా కొత్త నియమం వచ్చింది. ప్రధానాధికారికి విధి నిర్వహణలో తీరిక లేని పక్షంలో ఆయన అవమానాలను దిగువ ఉద్యోగి ఆయన తరఫున స్వీకరించవచ్చును. అదే విధంగా దిగువ ఉద్యోగికి రాజపూజ్యాలు స్వీకరించే తీరిక లేని పక్షంలో వాటిని ప్రధానాధికారి సదరు ఉద్యోగి తరఫున స్వీకరించవచ్చును. అన్నిటికంటే దిగువన ఉన్న ఉద్యోగి ఎవరని చూస్తే మరిడమ్మ. తీరిక లేనిది కూడా ఆమెకే. పొద్దున ఐదింటికి చీపురు పట్టుకుంటే మధ్యాహ్నం దాకా దించదు.

అలా ఆమె ఆరు శుక్రవారాలు గుమ్మం బయట ఊడుస్తుండగా లోపల కమిషనర్ గారు ఆమె తరఫున ఆరు శాలువాలు కప్పించుకున్నారు. చేయవలసిన పెద్ద అధికారీ ఆయనే కనుక, ఒక్కోసారి కుర్చీలోంచి లేచి శాలువా తానే భుజాన వేసుకుని మళ్లీ కూర్చునేవారు. గురువారాలు మరిడమ్మను లోపలికి పిలిచేవారు. తన మూడు, కమిషనర్ గారి ఆరు, వెరసి తొమ్మిది. రెండు నిమిషాలు నిలబెట్టేవారు. ఆమె పేరు ఏదో మారెమ్మ అనో మల్లమ్మ అనో అనేవారు. ఆమె పెట్టుకున్న సెలవు చీటీ చదవకుండా బుట్టలో వేసేవారు. అది నిజం సెలవు చీటీయే. సెలవు రాలేదు. ప్రతిసారీ ఆమె, "అయిపోయిందా అండి?" అని అడిగి, అయిందంటే వెళ్లి చీపురు అందుకునేది.

ఏడోది జరిగిన రోజు ఆమె మనవరాలు నూకరత్నం క్యారియర్ తెచ్చింది. తొమ్మిదో తరగతి పిల్ల. తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది. మామ్మ బయటికి రాగానే చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. మరిడమ్మ పిల్ల జడ సర్ది, "ఏం కాదే. ఇది ఆఫీసు పని" అంది.

ముఖం చిన్నబోయినట్టు ఆరోజు సాక్షిగా నేను సంతకం పెట్టాను. ఎవరి ముఖమో రాయడానికి రిజిస్టరులో గడి లేదు.

మాఘమాసం వెళ్లాక ఆడిట్ వారు వచ్చారు. ఇద్దరు. వాళ్లు మా రిజిస్టరు చూసి నవ్వుతారేమోననుకున్నాను. నవ్వలేదు. రెండు రోజులు శ్రద్ధగా చదివి, చాలా చక్కగా నిర్వహించారని మెచ్చుకుని, ఒక్క అభ్యంతరం రాశారు. ఒకరి తరఫున ఇంకొకరు పొందినవి చెల్లవు. గ్రహాలు మనిషిని బట్టి పనిచేస్తాయి గాని హోదాను బట్టి కాదు. కాబట్టి మరిడమ్మకు ఆరు రాజపూజ్యాలు, కమిషనర్ గారికి ఆరు అవమానాలు ఇంకా బాకీ. ఆయనకు రావలసిన ఒకే ఒక్క రాజపూజ్యం కూడా ఎవరూ చేయలేదు. ఉగాదిలోగా ఇవి పూర్తి కావాలి. పూర్తి కానివాళ్ల పింఛను కాగితాలు పంపరాదు.

అభ్యంతరం అందరికీ అని రాశారు గాని, ఆ ఏడాది రిటైరయ్యేది ఒక్క మరిడమ్మే. ఉగాది వెళ్లిన మర్నాడే ఆమె ఆఖరి రోజు. మొగుడు పోయి పదేళ్లయింది. కూతురు పోయి నాలుగేళ్లు. ఆ పింఛను మీదే ఆమె, మనవరాలు బతకాలి.

పట్టాభి గారు దీనికి సులువైన దారి కనిపెట్టారు. ఆరూ నాకు అందినవి అని మరిడమ్మ చేత సంతకం పెట్టిస్తే చాలు. రిజిస్టరు పట్టుకుని మేమిద్దరం వరండాలోకి వెళ్లాం. ఆమె సంతకం నేర్చుకున్న మనిషి. కలం తీసుకుంది, కానీ పెట్టలేదు. ఏం రాశారో చదవమని నన్నడిగింది. చదివాను.

"ఈ ఆరూ నాకెప్పుడు జరిగాయండి బాబు?"

పట్టాభి గారు అది కేవలం కాగితం మీద మాటేనని నచ్చజెప్పారు. తొమ్మిది అవమానాలకు సంతకం పెట్టినదానివి, ఆరు గౌరవాలకు పెట్టడానికి ఏమిటమ్మా అభ్యంతరం అన్నారు.

"అయ్యి జరిగినయ్యండి, పెట్టాను" అంది మరిడమ్మ. "ఇయ్యి జరగలేదు. పంచాంగం సదువుతుంటే దణ్ణం పెట్టుకుని విన్నాను. దానిమీద అబద్ధం ఎలా పెడతానండి?"

పింఛను ఆగిపోతుందని పట్టాభి గారు హెచ్చరించారు. ఆమె కలం తిరిగి నా చేతిలో పెట్టింది. "ఆగిపోతే మళ్లీ ఏ ఇంట్లోనో అంట్లు తోముకుంటానండి. దేవుడి దగ్గర దొంగ సంతకం ఎందుకు?"

నేను రోజూ సంధ్యవార్చే మనిషిని. ఆ తొమ్మిదింటిలో ఐదింటికి సాక్షిని. ఆ మాట విని ఇంటికి వెళ్లాక ఆ పూట జపం సరిగా సాగలేదు.

ఫాల్గుణ అమావాస్య వచ్చింది. అదే ఆ ఏటికి ఆఖరి రోజు. నివేదికలో వంద శాతం అమలు అని రాయకపోతే కమిషనర్ గారికి నిద్రపట్టదు. అందుకని ఆ ఒక్క రోజులో ఆరు రాజపూజ్యాలూ నిజంగానే చేసెయ్యాలని నిర్ణయించారు. ఏడాదిలో ఆయన కప్పుకున్న ఆరు శాలువాలు తెమ్మంటే, వాటిని వాళ్లింటి ఆడవాళ్లు పెళ్లిళ్లలో చదివించేశారని తెలిసింది. స్టోరులో ఒక్కటే మిగిలింది. ఫరవాలేదు, దాన్నే ఆరుసార్లు వాడవచ్చన్నారు.

పదకొండింటికి మొదటిది. పన్నులు కట్టడానికి, కుళాయిల సంగతి చెప్పుకోవడానికి వచ్చిన జనం హాలు నిండా ఉన్నారు. మరిడమ్మ చీపురు ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకుని వచ్చింది. కమిషనర్ గారు లేచారు. శాలువా కప్పారు. దండ వేశారు. రెండు మంచిమాటలు చెప్పాలి కనుక, "మరిడమ్మ గారు పరిశుభ్రతకు మారుపేరు" అన్నారు. గారు అనేటప్పుడు గొంతుకు అడ్డం పడి దగ్గారు. ఫోటో తీశారు. వెంటనే స్టోరు గుమాస్తా వచ్చి శాలువా తీసుకుని మడత పెట్టాడు.

కమిషనర్ గారు కుర్చీలో కూలబడ్డారు. పట్టాభి గారు దగ్గరగా వెళ్లి, సార్ తమకు ఇప్పుడు ఎలా ఉంది అని అడిగారు. చీపురు పట్టుకున్న మనిషికి అందరి ఎదుటా దండ వేయవలసి వచ్చింది, తలకొట్టేసినట్టుంది, ఇంకెలా ఉంటుంది అన్నారాయన.

"అయితే అవమానమే కదా సార్" అన్నారు పట్టాభి గారు. "సాక్షులున్నారు. రెండు నిమిషాలు దాటింది. ముఖం కూడా నియమం ప్రకారమే ఉంది."

కమిషనర్ గారు తలెత్తారు. ఆయన కళ్లలో చాలా నెలల తర్వాత వెలుగు చూశాను. ఒక్క కార్యక్రమంతో ఇద్దరి బాకీ తీరిపోతోంది. నేను రిజిస్టరులో సింహానికి ఒక రాజపూజ్యం, మేషానికి ఒక అవమానం పక్కపక్కనే వేశాను.

రెండోది పన్నెండింటికి. మూడోదానికి జనం చప్పట్లు కొట్టారు. నాలుగోసారి దండ వాడిపోయింది, మరిడమ్మే దాన్ని సరిచేసి తలవంచి ఇచ్చింది. కమిషనర్ గారు మళ్లీ గారు దగ్గర ఆగిపోయారు.

"నోరు తిరగకపోతే వదిలెయ్యండి బాబు. నాకూ కొత్తగానే ఉంది" అంది ఆమె, మెల్లగా.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఐదోది జరుగుతుండగా నూకరత్నం ఖాళీ క్యారియర్ తీసుకెళ్లడానికి వచ్చింది. తలుపు దగ్గర అదే చోట నిలబడి, మామ్మ మెడలో దండనూ, ఎదురుగా నిలబడి ఉన్న కమిషనర్ గారినీ చూసి నోరు తెరిచింది. మరిడమ్మ ఆ పిల్లవైపు చూసి, "ఇదీ ఆఫీసు పనే" అంది.

అప్పటికి నాలుగున్నర. కిటికీలకు కూడా జనం వేలాడుతున్నారు. కమిషనర్ గారు ఇక తన వల్ల కాదన్నారు. ఆరోది జరిగినట్టు రాసేద్దామన్నారు. నేను కలం ఎత్తాను. రాయలేదు. మరిడమ్మ వైపు చూశాను.

"అబద్ధం రాయొద్దండి" అంది మరిడమ్మ. కొంచెం ఆలోచించుకుంది. "ఆయనగారికి ఏడాది మొత్తానికి ఒక్కటే రాసుందంట కదండీ. అదీ ఎవరూ చెయ్యలేదంట. నాకు ఐదొచ్చినయ్యి, చాలు. ఆరోది ఆయనకిచ్చేస్తానండి."

స్టోరు గుమాస్తా చేతిలోంచి శాలువా తీసుకుని, మడత విప్పి, దులిపి, కమిషనర్ గారి భుజాల మీద కప్పింది. తన మెడలోని వాడిపోయిన దండ తీసి ఆయన మెడలో వేసింది. చీపురు చంకలో అలాగే ఉంది. రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది. ఎగతాళి లేదు. చిన్నప్పుడు గుడిలో మా అమ్మ పెట్టినట్టు పెట్టింది.

తర్వాత కిటికీ దగ్గర ఒకడు నవ్వాడు. ఇంకొకడు నవ్వాడు. ఆపైన హాలంతా నవ్వింది. కమిషనర్ గారు వాడిపోయిన దండతో నిలబడి ఉండిపోయారు.

పట్టాభి గారు రిజిస్టరు మీదికి వంగారు. "మేషం, రాజపూజ్యం ఒకటి, పూర్తి" అని చెబుతూ రాయించారు. తర్వాత హాలువైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఆరో అవమానం కూడా ఇదే కదా సార్?" అన్నారు.

కమిషనర్ గారు రిజిస్టరు తీసుకున్నారు. రెండు గడులూ చూశారు. ఒకే పని, ఒకే సమయం, ఒకే సాక్షులు. ఒక గడిలో రాజపూజ్యం, పక్క గడిలో అవమానం. మొదటినుంచి చివరిదాకా చదివి రెండు చోట్లా సంతకం చేశారు. ఆయన చదివి సంతకం పెట్టగా నేను చూడడం అదే మొదటిసారి.

మరిడమ్మ, ఐదు అందినవి, ఒకటి ఇచ్చివేసినది అని ఉన్నచోట సంతకం పెట్టింది. ఆమె పింఛను కాగితాలకు అంకె వేసి, సాయంత్రం టపా సంచిలో నేనే స్వయంగా పెట్టి, సంచి మూతి బిగించాను.

మర్నాడు ఉగాది. నివేదిక వెళ్లిపోయింది: వంద శాతం అమలు. సిద్ధాంతి గారిని రిక్షా దగ్గర ఎదురుకొని లోపలికి తీసుకొస్తూ జరిగినదంతా చెప్పాను. మేషానికి ఒకటి, ఆరు అని మీరు చదివింది పొల్లుపోకుండా జరిగిందండీ అన్నాను.

ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నారు. "జరుగుతుందనే కదయ్యా చదివింది. మధ్యలో మీరంతా ఎందుకు కష్టపడ్డారు?" అన్నారు.

ఆ ఏడు ఒక్క మార్పు జరిగింది. ఐదుసార్లు దండ వేయించుకున్న మనిషిని గుమ్మం అవతల నిలబెట్టడానికి ఎవరికీ మొహం చెల్లక, పచ్చడి మరిడమ్మనే పంచమన్నారు. ఆమె కొత్త నేతచీర కట్టుకుని గిన్నె, గరిటె పట్టుకుని వరసగా పోస్తూ వస్తోంది. సిద్ధాంతి గారు మేషంతో మొదలుపెట్టారు. రాజపూజ్యం ఐదు, అవమానం రెండు. కమిషనర్ గారు నిటారుగా కూర్చున్నారు. ముఖం విప్పారింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు కళ్లు చిట్లించి పట్టాభి గారివైపు వంగారు. నేను వెనక వరసలోనే ఉన్నాను కనుక వినబడింది.

"మరిడమ్మ రిటైర్మెంటు ఎప్పుడు?"

"రేపేనండి."

"ఈ ఐదూ ఎవరిస్తారు? ఆమె సర్వీసు ఒక ఏడాది పొడిగించే వీలుందేమో చూడండి."

అప్పటికి మరిడమ్మ ఆయన ముందు నిలబడి ఉంది. వినిపించుకుందో లేదో తెలియదు. గరిటె ఒకసారి గిన్నె అడుగుదాకా తిప్పి, అక్కడ దిగిపోయిన వేపపువ్వంతా పైకి తీసి, ఆయన దొన్నె నిండా పోసింది.

ఆయన ఒక్క గుక్కలో తాగి, పచ్చడి ఈ ఏడు బాగా కుదిరిందన్నారు.